బేకరీ పొట్లం

రంగుల కొట్టు షావుకారు బేరంలో ఎవరికీ లొంగని మనిషి. ఆ సాయంత్రం ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది మాత్రం కొనడానికి వచ్చినవాడు కాదు. బడిలో పిల్లలకు పరుగు నేర్పే మాస్టారు.

“అంటే మా అమ్మాయి లావైందంటారు.”

“లావు సంగతి తర్వాత షావుకారు గారూ. అసలు మైదానానికి రావడమే మానేసింది. అడిగితే నాన్నకి కొట్లో సాయం అంటుంది.”

“సాయమా? డబ్బా మీద డబ్బా పెట్టదు. మీరు కూర్చున్న ఆ స్టూలే దాని సింహాసనం. బడి వదలగానే వచ్చి కూర్చుంటే, నేను కొట్టు కట్టేదాకా కదలదు.”

“మరి మీరు పొమ్మనలేదా?”

“కూతురు పక్కన కూర్చుంటానంటే ఏ తండ్రికి చేదు మాస్టారూ?”

“పోయినేడు మన బడిలో దాన్ని పట్టుకున్న పిల్ల లేదు.”

“నాకు తెలీదా? పిచ్చుక అని పేరు పెట్టిందే నేను. కాళ్ళు నేలకి ఆనేవా అసలు?”

“ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. పోటీకి జట్టు ఎంచుతున్నాం. రేపు కూడా రాకపోతే దాని చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు.”

“వస్తుంది, నేను పంపిస్తా. అయినా ఈ ముక్క వాళ్ళమ్మతో చెప్తే సరిపోయేది. తిండీ తిప్పలూ ఆవిడ చూసుకుంటుంది. నాది సంపాదన. ఎవరి కొట్టు వాళ్ళది.”

“సాయంత్రాలు పిల్ల ఉండేది మీ కొట్లోనేగా. అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఇంకో మాట కూడా ఉంది. బడికి డాక్టర్లు వచ్చి పిల్లలకి రక్తం చూశారు.”

“చూస్తే?”

“షుగరు ఉండాల్సినదానికంటే పైన ఉంది. ఇంకా జబ్బు కాలేదు, గడప దగ్గర నిలబడి ఉంది అన్నారు.”

“పన్నెండేళ్ళ పిల్లకా? మిషను తప్పు చూపించి ఉంటుంది. కాటాలే తప్పు చూపిస్తాయి, మిషనెంత?”

“మీ ఇంట్లో ఎవరికైనా ఉందేమో కనుక్కోమన్నారు.”

“మా ఇంట్లోనా? అబ్బే.”

“మీకు?”

“నాకా? రాయిలా ఉన్నాను.”

“నేను వచ్చిన దగ్గర్నుంచి ఆ నీళ్ళ సీసా రెండుసార్లు నింపుకున్నారు.”

“ఎండ మాస్టారూ. దానికి తోడు ఈ రంగుల వాసన. గొంతు ఆరిపోతుంది.”

“కాలికి ఆ కట్టేమిటి?”

“డబ్బా జారి పడింది. ఈ వ్యాపారంలో మామూలే. అదిగో, మాటల్లోనే వచ్చింది. రామ్మా పిచ్చుకా, మాస్టారు నీ కోసమే వచ్చారు.”

“నమస్తే సార్. నాన్నా, పొట్లం తెచ్చావా?”

“చూశారా, కాలు లోపల పెట్టకముందే పొట్లం. పక్క బేకరీలో రోజూ రెండు క్రీము కేకులు తెస్తాను, తనకొకటి నాకొకటి అని. నాకు దక్కనిస్తేగా? నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు రెండూ మాయం.”

“నిజమేనా అమ్మా?”

“నిజమే సార్.”

“మైదానం కంటే కేకు ఎక్కువైందా?”

“ఏమో సార్.”

“రేపు వస్తావా?”

“రేపు నాన్న సరుకు దింపుకోవాలి సార్.”

“రేపు సరుకేమీ రావట్లేదే. ఎవరు చెప్పారు నీకు?”

మాస్టారు ఇక సాగదీయలేదు. పిల్ల తిండి మీద కన్నేసి ఉంచమని తండ్రికి చెప్పి, రేపటి సంగతి ఇంకోసారి గుర్తుచేసి వెళ్ళిపోయాడు. కొట్లో ఇద్దరే మిగిలారు. మధ్యలో బల్ల మీద విప్పని పొట్లం.

“దాని మీంచి చెయ్యి తియ్యి.”

“ఎందుకు?”

“ఎందుకా? ఆయన ముందు నా పరువు గంగలో కలిపావు. అబద్ధాలు ఎప్పటినుంచి నేర్చావు?”

“నువ్వూ చెప్పావుగా.”

“నేనేం చెప్పాను?”

“రాయిలా ఉన్నానని. బయట నిలబడి విన్నాను.”

“గిరాకీ ముందు సరుకులో లోపం చెప్పుకుంటామా?”

“సార్ గిరాకీ కాదు నాన్నా.”

“సరేలే. నువ్వు అమ్మకేమైనా చెప్పావా?”

“లేదు. నీ కాలు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు దగ్గర విన్నది కొట్టు మాట, కొట్టు మాట ఇంటికి పోకూడదు అన్నావుగా.”

“అదీ వ్యాపారి కూతురంటే.”

“కాలి వేలు చూపించు.”

“మానుతోంది.”

“డబ్బా పడినప్పటినుంచీ మానుతోందనే అంటున్నావు. తీపి మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నారు డాక్టరు.”

“వాళ్ళు అలాగే బెదిరిస్తారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నా సంగతి కాదు, ముందు నీ సంగతి తేలాలి. ఇలా కూర్చో. కోప్పడను, బేరమాడుకుందాం. నువ్వు రేపటినుంచి మైదానానికి వెళ్ళు, నీకు కొత్త బూట్లు కొంటా. ఆ నీలం గీతలవి.”

“వద్దు.”

“సైకిలు?”

“వద్దు నాన్నా.”

“ఇంత గట్టి బేరం నా ఎదురుగా ఎవరూ ఆడలేదు. పరుగంటే ఇష్టం పోయిందా?”

“పోలేదు.”

“మరి? అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా?”

“గుమ్మడికాయ అంటున్నారు. అననీ.”

“నా పిచ్చుకని గుమ్మడికాయ అంటే నీకేం అనిపించదా?”

“అనిపిస్తుంది.”

“అయితే వెళ్ళి పరిగెత్తు. నోళ్ళు వాటంతటవే మూతపడతాయి.”

“మైదానం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది.”

“పడితే నేనొచ్చి తీసుకొస్తా. చీకటికి భయమా?”

“చీకటికి కాదు. అప్పటికి పొట్లం అయిపోతుంది.”

“మళ్ళీ పొట్లమేనా? నీ వాటా ముట్టుకోనులే. నాది నేను తిని నీది దాస్తా.”

“వద్దు. రెండూ నాకే కావాలి.”

“ఇదెక్కడి అత్యాశే తల్లీ? మాస్టారు చెప్పింది విన్నావుగా. నీ రక్తంలో తీపి పెరిగిందట. ఇది ఆటలు కాదు. ఈ రోజునుంచి నీకు ఒక్కటి కూడా లేదు. ఇటివ్వు.”

“ఇవ్వను.”

“ఇవ్వమంటున్నానా? ఏయ్, నమలకుండా మింగుతున్నావేమిటి? గొంతుకి అడ్డం పడుతుంది, ఆగు. ఏడుస్తూ తినడమేమిటే? ఇదిగో, నీళ్ళు తాగు ముందు. అంత ఇష్టమా ఆ క్రీము?”

“ఇష్టం లేదు. ఆ వాసనే పడదు.”

“మరెందుకు తింటున్నావు?”

“అమ్మకి చెప్పొద్దన్నావు. నిన్ను మానెయ్యమంటే నవ్వావు. నేను తినేస్తే నీకు మిగలవు కదా నాన్నా.”