ఓడినందుకు కూలి

నెబ్రాస్కాలో ఒక చిన్న విశ్వవిద్యాలయం. ఈతకొలను పక్కన బెంచీ మీద ఇద్దరు కోచ్‌లు, మొగుడూ పెళ్లాలు: అమ్మాయిల ఈత జట్టును ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న ఆర్డిస్, ఏడాది కిందట అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును నెత్తికెత్తుకున్న వెండెల్. ఇద్దరి మధ్యా ఒక డబ్బా, అందులో చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల పులుసు. మూడింటికి అమ్మాయిలు వస్తారు. వాళ్ల జట్టు రద్దయిందని ఆర్డిస్ చెప్పాలి. ఇప్పుడు రెండుంబావు.

“...అయితే తినవా? చిల్లీలో ముంచుకోడానికి దాల్చినచెక్క రొట్టె కూడా తెచ్చాను.”

“ఆకలి లేదు వెండెల్.”

“లేకపోయినా తిను. పొద్దుట్నుంచీ కాఫీ మీదే ఉన్నావు. అవతల ఆ టేపు పట్టుకుని కొలుస్తున్నవాళ్లెవరు?”

“ఎవరో. ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి కొలుస్తూనే ఉంటారు. ఏదీ, ఇలా ఇవ్వు ఆ రొట్టె.”

“పిల్లలకి ఏం చెబుతావు?”

“ఉన్నమాటే చెబుతా. ‘తల్లులారా, మీ ఈత చూడ్డానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. వచ్చేది మీ అమ్మానాన్నలూ, వెర్నా వాళ్ల తాతా. ఆయనా వచ్చి నిద్రపోతాడు. అందుకని మూసేస్తున్నారు’ అని.”

“ఫుట్‌బాల్ తినేసిందని చెప్పవా?”

“చెప్పను. మొగుడి పరువు కదా.”

“నా ఆట సంపాదిస్తుంది ఆర్డిస్.”

“సంపాదిస్తుంది. సంపాదించిందంతా తిని, పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెడుతుంది. నీకు ముందు తీసేసిన ఆ కోచ్ ఉన్నాడే, చెరువు గట్టున చేపలు పట్టుకుంటున్నాడు. ఒప్పందం ప్రకారం ఇంకా రెండేళ్లు జీతం ఇవ్వాలట. పని చెయ్యనందుకు ఆయనకిచ్చేది, పని చేసినందుకు నాకిచ్చేదానికి ఆరు రెట్లు. నేనేమో వ్యాను నేనే నడుపుకుంటూ, దారిపొడుగునా పిల్లలకి బ్రెడ్డుముక్కలు...”

“ఆర్డిస్. మూడింటికి ఆ మాట చెప్పొద్దు.”

“చెప్పక?”

“చెప్పొద్దంటున్నా. అక్కర్లేదు.”

“ఏం చేశావు?”

“ముందు తిను.”

“ఏం చేశావు వెండెల్?”

“సోమవారం హాల్వర్సన్ దగ్గరికెళ్లాను. ‘క్రీడల డైరెక్టరువి, మా ఆవిడ జట్టుకి డబ్బు లేదంటావేంటి, ఎంత కావాలి’ అన్నా. ‘పదకొండు లక్షల డాలర్లు’ అన్నాడు. ‘తెస్తా’ అన్నా.”

“ఎక్కణ్ణించి? నీ పాత పికప్పు అమ్మా?”

“ఇంకో కూలి ఆట ఒప్పుకున్నా.”

“ఇంకోటా?”

“సెప్టెంబరు మొదటి వారం ఎలాగూ ఒకటుందిగా. రెండో వారం ఇంకోటి, ఒక పెద్ద యూనివర్సిటీ జట్టుతో. వాళ్లది ఎనభై వేలమంది పట్టే స్టేడియం. టిక్కెట్లు అమ్ముకోవాలి, జనం ముందు ఎవర్నో ఒకర్ని చితక్కొట్టాలి. మనం వెళ్తాం, కొట్టించుకుంటాం, చెక్కు తెచ్చుకుంటాం.”

“వరసగా రెండు వారాలు! పోయినేడు ఒక్కదానికే అరవై మూడు, సున్నా. నీ జట్టులో టోబిన్‌కి మోకాలు పోయింది. కార్లిస్‌కి తలకి దెబ్బ తగిలి రెండ్రోజులు సొంత చెల్లెలి పేరు గుర్తు రాలేదు.”

“తెలుసు.”

“అవతలి కుర్రాళ్లు ఒక్కొక్కడు మన ఫ్రిజ్జంత ఉంటాడు.”

“తెలుసన్నాగా!”

“మరి నీ పిల్లల్ని అడిగావా?”

“అడిగాను. ఎందుకో కూడా చెప్పాను. అందరూ చేతులెత్తారు. సగంమంది నీ పిల్లల వెంట తిరిగేవాళ్లే, ఎత్తక ఏం చేస్తారు? అందరికన్నా ముందు ఎత్తింది కార్లిస్.”

“కార్లిస్ కూడానా...”

“అదేంటి, కళ్లు తుడుచుకుంటావేం? సంతోషమేగా?”

“కాగితం మీద రాయించుకున్నావా?”

“ఏంటి?”

“ఆ డబ్బు ఈతకేనని. రాయించుకున్నావా?”

“చెయ్యి కలిపాడు ఆర్డిస్. మనూళ్లో చెయ్యి కలిపాక కాగితమేంటి? మా నాన్న ట్రాక్టర్లు కూడా అలాగే కొన్నాడు.”

“ఆట ఒప్పందం మీద సంతకాలు?”

“అవి పెట్టేశారు. వెనక్కి తగ్గితే మనమే ఎదురు కట్టాలి. ఎందుకలా చూస్తున్నావు?”

“టేపు పట్టుకున్నవాళ్లెవరని అడిగావు కదా.”

“అయితే?”

“పొద్దున హాల్వర్సనే తీసుకొచ్చాడు. ఈ కొలను పూడ్చేసి, దీని మీద నీ కుర్రాళ్లకి బట్టలు మార్చుకునే గదులు కడతారట. తలా ఒక తోలు కుర్చీ, తలా ఒక టీవీ. మంచి ఆటగాళ్లు రావాలంటే అవన్నీ ఉండాలట.”

“గదులా? నేను గదులడగలేదే!”

“నేనూ అదే అన్నా. ‘మా బ్రెడ్డుముక్కలకే డబ్బు లేదు, దీనికెక్కడిది’ అని. ‘మీ ఆయనే తెచ్చాడమ్మా, మహానుభావుడు’ అని నా చెయ్యి కూడా పట్టుకుని ఊపాడు.”

“అంటే... నీకు ముందే తెలుసా?”

“తెచ్చావని తెలుసు. ఎలా తెచ్చావో తెలీదు. ఇప్పుడు తెలిసింది.”

“ఆర్డిస్, నేను...”

“చిల్లీ డబ్బా మూతపెట్టు, పిల్లలొస్తున్నారు. వీళ్లకి నేను చెప్పుకుంటాలే. కార్లిస్‌కి నువ్వు చెప్పు.”