గుట్టను జర తిప్పాలె

కొత్తగా మండలాలు ఏర్పడుతున్న ఏడాది. పెద్దపల్లి స్టేషన్ రోడ్డులో పోశం ఫోటో స్టూడియో. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ కొలువు ఈమధ్యనే ఊడిన బండగుట్టపల్లె భూపాల్‌రావు, భార్య లీలాబాయిని బెంచీ మీద కూర్చోబెట్టి, తాను మాత్రం పోశం బల్ల మీదికి నడుము వంచి, ఎవరికీ వినపడకూడదన్నట్టు మాట్లాడుతున్నాడు.

"తిప్పుమంటె గట్ల నోరు తెరుస్తవేంది పోశం? గుట్టను జర తిప్పాలె. గంతే."

"గుట్టనా దొరా?"

"గుట్టనే."

"నేను ఫోటోలు తీసెటోన్ని దొరా. హనుమంతున్ని కాదు."

"పటంల తిప్పుమంటున్ననయ్యా! గిదిగో, గుట్ట కుడిదిక్కున్నదా? ఎడమకు రావాలె. ఇండ్లు ఎడమకున్నయా? కుడికి రావాలె."

"ఎందుకట్ల?"

"ఎందుకంటె..."

"ఎందుకో నేను చెప్త పోశం. గుట్టకు ఈ పక్క బండగుట్టపల్లె, మా అత్తగారూరు. ఆ పక్క మోదుగువాడ, మా తల్లిగారూరు. సడక్ మీద నిలబడి చూస్తె మా తల్లిగారూరికి గుట్ట కుడిదిక్కుంటది, వీళ్లూరికి ఎడమదిక్కుంటది. పటంల ఎటున్నది? కుడిదిక్కు. మరి గీ పటం ఎవలూరిది?"

"లీలా, నిన్ను గిన్నెలు కొనుక్కుంటవని తోలుకొచ్చిన. సాక్ష్యం చెప్తవని కాదు."

"గిన్నెల దుకాణం ఇంక తెరువలే. అందాక గిదే."

"పోశం, ఆమె మాట పట్టించుకోకు. పటం గీసిన ఇంగ్లీషు దొర గుట్టకు వెనుక దిక్కు నిలబడి గీసిండేమో. అప్పుడు కుడిదిక్కే కనబడ్తది గద?"

"వెనుక దిక్కు వాగు గదా! దొర మెడలోతు నీళ్లల్ల నిలబడి గీసిండా?"

"లీలా!"

"ఊకున్న. ఊకున్న."

"దొరా, ఒక్కమాట చెప్త, కోపం చేయకుండ్రి. నూరేండ్లు దాటిన పటం. బొగ్గు జాడ చూడవచ్చిన ఇంగ్లీషు దొర గీస్తె ఇంగ్లీషు పేపర్ల అచ్చయింది. మన దేవదాస్ సారు మిషన్ బంగళల పాత పేపర్ల కట్టలు దులిపి, కత్తిరించి తెచ్చిండు. నేను ఫోటో తీసి రెండూళ్లకు చెరొకటి ఇచ్చిన. అసలు కాగితాన్ని సారు హైదరాబాదుల పాత కాగితాలు దాచెటోళ్లకు పంపిండు. గసొంటిదాన్ని మనం తిప్పుడు పాపం గాదా?"

"అసలు కాగితం మీద ఊరి పేరున్నదా?"

"లే. కింది సగం చెదలు తిన్నది."

"ఊరి పేరు తిన్న చెదలకు రాని పాపం గుట్టను తిప్పెటోనికి వస్తదా?"

"రాదంటరా?"

"రాదు. చూడు పోశం, రేపు ఆర్డీవో సాబు వస్తుండు. మా రెండూళ్లల్ల ఒక్కదానికే మండలం. సాబుకు పాత పటాలంటె పానం. ఏ ఊరికి చరిత్ర ఉంటె గా ఊరికే రాస్తనన్నడు. మండలమొస్తె బస్సొస్తది, దవఖానొస్తది, బ్యాంకొస్తది..."

"మీకు కుర్చీ వస్తది."

"నాకేం కుర్చీనే?"

"మండలాఫీసు ముంగట వేసుకోని కూసునే కుర్చీ. పోశం, పట్వారీగిరి పోయిన కాన్నుంచి ఈయన ఏం జేస్తుండో ఎరుకేనా? ఇంట్ల బియ్యం డబ్బకు పహాణీ రాస్తుండు. నిన్న ఎన్ని సోలలు వండినవు, ఎంత మిగిలింది, ఎవలు తిన్నరు. పిల్లికి పోసిన పాలకు గూడ నాతోని వేలిముద్ర వేయించుకునేటట్టున్నడు."

"ఊరి కోసం తిరుగుతున్ననే నేను! ఊరి చరిత్ర మన్నుల గలిసిపోవద్దని!"

"గట్లనా? మరి నడుమ గా మనిషిని పొద్దుగాల లేసి కండ్లకద్దుకునుడెందుకు?"

"ఎవలు దొరసానమ్మా?"

"పటం నడుమ నిలబడ్డాయన. వీళ్ల ముత్తాతట."

"అట కాదు, ముత్తాతే. దేవదాస్ సారు మిగిలిన నాలుగు వరుసలు చదివి చెప్పిండు. 'గుట్ట కింది ఊరి జనమంత ఒక్కకాడ బంతిల కూసోని తిన్నరు. వాళ్ల నడుమ పట్వారీ...' అని అచ్చుల ఉన్నది పోశం. అచ్చుల!"

"పట్వారీ ఏం జేసిండట దొరా?"

"అక్కడికెల్లి చెదలు."

"జర ఆగి తినకపోయె."

"ఊరందరికి బువ్వ పెట్టి, నడుమ నిలబడి రెండు చేతులెత్తి దీవిస్తుండు. ఇగో, చూడు."

"జొన్నగింజంత ఉన్నడు దొరా. చేతులేవో, కాళ్లేవో."

"చూసే కండ్లకు కనబడ్తయి. మా ఊరి పట్వారీగిరి ఎప్పటికెల్లో మా ఇంట్లనే ఉన్నది. మా ముత్తాత గాకుంటె ఎవలు?"

"మా తల్లిగారింట్ల గూడ పట్వారీగిరే. గుట్ట కుడిదిక్కున్నన్ని దినాలు గాయన మా ముత్తాత. అయ్యో, గా ఠీవి చూస్తనే ఎరుకైతలేదా, మా తమ్ముడు జనార్దన్ నిలబడ్డట్టే లేడా?"

"అందుకే తిప్పుమంటున్న పోశం! రేపటికల్ల!"

"తిప్పుత దొరా. నెగటివ్ నా కాడనే ఉన్నది, బోర్లా పెడితె అయిపాయె. గని ఒక్క పరేషాన్ ఉన్నది."

"ఏంది?"

"గుట్ట ఒక్కటే తిరుగది. ఊరంత తిరుగుతది."

"తిరుగనీ."

"కుడిచెయ్యి ఎడమచెయ్యి అయితది. బంతిల కూసున్నోళ్లంత ఎడమచేత్తోని బువ్వ తింటరు."

"అందరు గట్లనేనా?"

"మీ ముత్తాత పెట్టిన బంతి దొరా. ఊరు ఊరంత. ఎడమచేత్తోని."

"అవ్వో అవ్వో! నన్ను పట్టుకో పోశం, నవ్వలేక సస్తున్న! గా చేత్తోని ఏం జేస్తరో ఆర్డీవో సాబుకు గూడ ఎరుకే!"

"నవ్వు లీలా, నవ్వు. గంత చిన్న సంగతి ఎవలు చూస్తరు?"

"పాత పటాలంటె పానమన్నరు గద. చూస్తడు. అడుగుతడు. ఏం చెప్తరు?"

"అప్పటి ఆచారమని చెప్త."

"మరి ఎప్పుడు మారిందంటె?"

"మా తాత మార్పిచ్చిండని చెప్త."

"ఆయనకూ ఒక పటం కట్టియ్యి పోశం. ఊరికి కుడిచెయ్యి నేర్పినాయన అని."

"ఆగుండ్రి, ఆగుండ్రి. జర భూతద్దం పెట్టి చూడనియ్యిండ్రి... ఆఁ."

"ఏంది పోశం?"

"తింటుండ్రు దొరా."

"బంతిల కూసున్నోళ్లు తినక పాటలు పాడ్తరా?"

"ఎడమచేత్తోని తింటుండ్రు."

"తిప్పినంక గద?"

"తిప్పకముందే. గీ ఫోటోలనే."

"ఏదీ, ఇటియ్యి ఆ అద్దం... అయ్యో, నిజమే! గీ ముసలామె పిల్లగానికి ముద్ద పెట్టుడు గూడ ఎడమచేత్తోనే. అంటె ఏంది పోశం?"

"అంటె దొరసానమ్మా... మొదటిపాలి నేనే నెగటివ్ ఉల్టా పెట్టిన్నేమో."

"ఉల్టానా!"

"అయితది దొరా, అప్పుడప్పుడు. మొన్న శ్రీరాంపూర్ బొగ్గుబాయి పనోళ్ల పెండ్లి ఫోటోల గిట్లనే అయింది. పిల్ల పోయి పిలగాని ఇంకో పక్కకు వచ్చింది. పుస్తె గట్టినంక పక్క మారుస్తరా అని వియ్యపురాండ్లు ఇద్దరు నా దుకాణంల జుట్లు పట్టుకున్నరు."

"నీ పెండ్లిండ్ల ముచ్చట తర్వాత! సక్కగ పెడితె గుట్ట ఎటొస్తది?"

"ఎడమకు."

"అంటె మా ఊరే!"

"మీ ఊరే దొరా."

"నిజంగనే మా ఊరే! లీలా, విన్నవా? నేను మొదటికెల్లి చెప్తనే ఉన్న. నా నోట ఎన్నడన్న అబద్ధమొచ్చిందా?"

"ఇందాకటిదాక దాన్నే బేరం జేస్తిరి."

"మొఖం గట్ల ముడుసుకోకు. రేపు మండలమొచ్చినంక నీ తమ్ముడు పని బడి వస్తడు గద, కుర్చీ వేపిస్త. చాయ్ గూడ తాగిపిస్త. పోశం, గోడంత జెయ్యి! ప్రతి మనిషి తేటగ కనబడాలె. నడుమ మా ముత్తాత కండ్లు, ముక్కు, చెవులు..."

"చెవులు గూడనా దొరా?"

"చెవులు గూడ! ఎందుకట్లడిగినవ్?"

"ఏంలే. పాత పటాలు చిన్నగుంటెనే అందం అనిపిస్తది నాకు."

"నీ అందం నాకెందుకు? పో, జల్ది పో."

"ఇంకోపాలి ఆలోచన జేసుకోండ్రి."

"పోతవా, లేదా?"

పోశం చీకటి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. చాలాసేపటికి, నీళ్లు కారుతున్న పెద్ద పటాన్ని రెండు చేతులతో అంచులు పట్టుకుని బయటికి వచ్చాడు.

"గుట్ట?"

"ఎడమదిక్కు దొరా."

"బువ్వ?"

"కుడిచెయ్యి."

"బస్! ఇగ మండలం ఏడికి పోతది? వెలుగుల పట్టు. కొంచెం పైకి. ఆఁ... ఎంత తేటగున్నది లీలా! గిన్నెల బువ్వ గూడ కనబడుతున్నది. ఇగో, నడుమ మా ముత్తాత... ఏందే, మాట్లాడవు?"

"మీరే చూడుండ్రి. నిలబడ్డడా?"

"జర వంగిండు."

"వంగలే. గొంతుకూసున్నడు."

"సాహెబు ముంగట మర్యాద."

"చేతులేడున్నయి?"

"పైకున్నయి. దీవిస్తుండు."

"సక్కగ చూడుండ్రి. ఎడమచెయ్యి కుడిచెవి మీద. కుడిచెయ్యి ఎడమచెవి మీద."

"చెవు... చెవు గులపెట్టిందేమో!"

"రెండు చెవులు ఒక్కపాలేనా?"

"పోశం, నెత్తిమీద గదేంది?"

"పాగ గావచ్చు దొరా."

"పాగకు ముడి గట్ల పైకుంటదా పోశం? నువ్వు గూడ కండ్లు మూసుకోకు. గది దఫ్తరం. లెక్కల మూట. నెత్తిన దఫ్తరం పెట్టి, చెవులు పట్టిచ్చి, గుంజీలు తీపిస్తుండ్రు!"

"ఎవలు?"

"ఊరు! బంతిల కూసున్నోళ్ల మొఖాలు చూడుండ్రి, ఒక్కొక్కరి పండ్లెట్ల కనబడుతున్నయో. పట్వారీతోని గుంజీలు తీపిచ్చిన దినం ఊరంత పండుగ జేసుకున్నదయ్యా!"

"పటం కిందికి దించు పోశం."

"గిప్పుడు కండ్లకద్దుకోండ్రి."

"పోశం."

"దొరా."

"గుట్టను మళ్ల తిప్పు."

"మళ్లనా?"

"కుడిదిక్కుకు. గిది మా ఊరు కాదు. మోదుగువాడ."

"ఎడమచేత్తో తింటరు గద దొరా?"

"తిననీ. మోదుగువాడోళ్లు ఏ చేత్తోనన్న తింటరు."

"నోరు దగ్గర బెట్టుకోండ్రి! ఇన్నేండ్లు నా చేతి వంట తిన్నరు, ఏ చేత్తోని వడ్డించిన?"

"నీ తమ్మునికి మండలమే ఇచ్చేస్తున్న గదనే! బస్సు, దవఖాన, బ్యాంకు, అన్నీ తీసుకోమను!"

"పటం గూడ తీసుకోమంటుండ్రు గద! మా ముత్తాత చెవులు పట్టుకున్నడని రేపు సాబు ముంగట చూపిస్తరా?"

"ఇందాక నీ ముత్తాతే అంటివి! నీ తమ్ముని ఠీవే అంటివి!"

"ఇందాక నిలబడి ఉండె."

"అయితె నాకూ వద్దు, నీకూ వద్దు. చింపెయ్యి పోశం."

"నూరేండ్ల చరిత్ర దొరా! మన్నుల గలిసిపోవద్దని మీరే గద..."

"కలువనీ! చరిత్ర లేకుంటె ఊర్లు బతుకుతలేవా? నెగటివ్ ఇటు దే."

"మరి మండలం?"

"సాబు కాళ్లు పట్టుకోనైన తెస్త."

"చెవులు పట్టుకున్నకంటె నయమే."

"లీలా, నీకు దండం పెడ్త, ఊకో. పోశం, ఇంట్ల నేను, ఈమె, ఇక్కడ నువ్వు. గీ ముగ్గురం నోరు మూసుకుంటె అయిపోతది. నెగటివ్ అడిగితె గట్ల తల గోక్కుంటవేంది?"

"ఇస్త దొరా. గని..."

"గని ఏంది?"

"నిన్న పొద్దుగాల జనార్దన్‌రావు దొర వచ్చిండు."

"మా తమ్ముడా? గీడికా?"

"అవునమ్మా. మా ముత్తాత తేటగ కనబడాలె అని ఆయన గూడ గోడంత జేయిచ్చుకున్నడు. చూసిండు. ఇగ నవ్వుడు వెట్టిండు చూడుండ్రి, కండ్ల నీళ్లు తుడుసుకుంట, బెంచీ మీద పండుకోని..."

"పటం చింపిండా?"

"చింపలే. గుట్టను ఎడమకు తిప్పుమన్నడు. అప్పుడే నాకు నెగటివ్ ఉల్టా సంగతి ఎరుకైంది."

"నీకు నిన్ననే ఎరుకనా! మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు గుట్ట సంగతే అడిగితిరి దొరా, ముత్తాత సంగతి అడుగకపోతిరి. ఆయనేమో 'మండలం నాకొద్దు, మా బావ ఊరికే రావాలె' అన్నడు. మంచి మనిషి. అద్దాల ఫ్రేము కట్టిచ్చిండు. కింద బండగుట్టపల్లె అని, నడుమాయన కింద మీ ముత్తాత పేరు రాపిచ్చిండు. పట్టుకోని సీదా సాబు ఆఫీసుకు పోయిండు."

"సాబు... సాబు ఏమన్నడట?"

"మస్తు ఖుష్ అయిండట దొరా. మండలం మీ ఊరికే ఖాయమట, పటం ఆఫీసు దర్వాజ మీద పెడ్తరట. రేపు దాని కింద మిమ్ముల నిలబెట్టి ఫోటో తియ్యుమని నాకు కబురు వచ్చింది."