సెలవు ముగిసిన రోజు

క్రిస్మస్ ముందురోజు, ఫిన్లాండ్‌లోని ఓ పల్లెలో, యుద్ధంలో పోయిన మొదటి భర్త తౌనో సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఓ ముసలావిడ తన రెండో భర్త చెయ్యి పట్టుకుని లేచింది.

"రేపు చర్చిలో యుద్ధంలో తౌనోకి వచ్చిన పతకం గురించి మళ్లీ నన్నే మాట్లాడమన్నారు. ఇక నావల్ల కాదయ్యా."

"నలభయ్యేళ్లుగా చెప్తున్నదేగా?"

"సైన్యం ఇచ్చిన సెలవు అయిపోయిన రోజు, మళ్లీ యుద్ధానికి వెళ్లనని ఏడ్చాడు. ఊరు నవ్వుతుందని నేనే రైలెక్కించాను."

"తెలుసు. యుద్ధంలో ఒకే కందకంలో ఉన్నప్పుడు వాడే నాకు చెప్పాడు."

ఆమె అతని వైపు తిరిగింది.

"నన్ను తిట్టుకున్నాడా?"

"లేదే. నువ్వు కట్టిచ్చిన రొట్టెలో సగం నాకు పెట్టి, 'పాపం, అటు తిరిగి ఏడ్చింది' అన్నాడు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడుగుతావని చూశాను."

"మరి రేపు ఏం చెప్పను?"

"భయపడ్డాడని చెప్పు. అంత భయపడుతూనే, దెబ్బ తగిలి పడిపోయిన నన్ను వీపున మోసుకొచ్చాడని చెప్పు."