నాలుగో పాతర దగ్గర నిలబడిన మనిషి

1991 జూలై ఎనిమిదో తేదీ ఉదయం గొర్రెల పెంపక కేంద్రంలో మేత సహాయకులుగా చేరి, ముప్పై మూడు సంవత్సరాలు పాతరగడ్డి వాసనలోనే గడిపి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మేత పర్యవేక్షకులు, వాసన పట్టే పాతర మాగిందో లేదో చెప్పే మనందరి ‘ముక్కు మేస్త్రి’గారు, సన్మానాలకు అలవాటు పడిన మనిషి కారు. మొక్కజొన్నకు నీరు చాలని చోట జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు పచ్చిగా కోసి, పాతర గోతుల్లో తొక్కించి, కప్పి మాగబెట్టి, ఆ మేతతోనే పొట్టేలు పిల్లలను పుష్టిగా పెంచవచ్చునని నిరూపించినవారు వారే. నివేదికల మీద సంతకాలు మాత్రం వేరేవారివి.

కొత్త పాతర తెరిచే ముందు దొడ్డి దగ్గర నిలబడి గొర్రెపిల్లల అరుపు వినడం వారి పద్ధతి. చూసి నవ్వని అధికారి లేరు.

వానలు ముఖం చాటేసిన ఒక సంవత్సరం, వాడిన జొన్నతో అడుగు మాత్రమే నిండిన రెండు నిలువుల లోతు నాలుగో పాతరను, ఇంకా మాగకముందే, పదిహేడో రోజునే తనిఖీ అధికారికి చూపించవలసి వచ్చింది. బడి మధ్యలో మానేసి, ఎవరికీ ఎదురు చెప్పే స్తోమత లేని గడ్డి తొక్కే పనివాడు నిచ్చెన మీద ఒక కాలు వేశాడు. అప్పుడే దొడ్డిలోని నలభై పిల్లలూ ఒక్కసారిగా అరుపు ఆపి, మేత వదిలి, గోతి వైపు తలలు తిప్పి నిలబడ్డాయి. ఒక్క చెవి కదలలేదు.

“దిగకురా తమ్ముడూ,” అన్నారు మేస్త్రిగారు మెల్లగా.

“ఏం, గొర్రెలు చెప్పాయా?” అధికారి నవ్వారు.

“చెప్పడం మానేశాయండీ. అందుకే భయం.”

తాడు కట్టి దించిన లాంతరు సగంలో ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించారు. సరిగ్గా అక్కడే ఆరింది. గడ్డి మాగినప్పుడు పుట్టిన చెడు గాలి అడుగున నిలిచిందని తరువాత తేల్చారు. ఆ క్షణాన పనివాడికి మాత్రం కింద ఎవరో ఊదేసినట్టే తోచింది. పిల్లలకు ఎలా తెలిసిందో ఏ నివేదికా రాయలేదు.

పర్యవేక్షకులుగా పదోన్నతి మరో పదకొండేళ్లకు గాని రాలేదు. “ఇంట్లో పిల్లలు ఏడ్చినా లేవని మనిషి, గొర్రెపిల్ల అరుపు ఆపితే లేచి కూర్చుంటారు,” అంటారు వారి సతీమణిగారు.

ఈ వ్యాసం ముగించే ఉదయం, కొత్తగా సగం నింపిన నాలుగో పాతర ఎదుట పిల్లలు మళ్లీ మౌనం వహించాయి. దించిన లాంతరు ఆరలేదు. అయినా ఎవరూ దిగలేదు. కబురందుకుని వచ్చిన మేస్త్రిగారు కాసేపు విని, నిచ్చెన పైకి తీసి పక్కన పెట్టారు.

వచ్చే నెల నుంచి ఆ కబురు వారి ఇంటికి వెళ్లాలి. వారు ఆయురారోగ్యాలతో, ముఖ్యంగా చెవులు చల్లగా, చిరకాలం వర్ధిల్లాలని, ఈ వ్యాసం రాస్తున్న ఆనాటి గడ్డి తొక్కే పనివాడు కోరుకుంటున్నది మర్యాద కోసం కాదు. రేపు ఆ గోతిలోకి దిగవలసినవాడు తనే కనుక.