బొట్టు కారని తుపాకీ

నా పేరు, చిరునామా పై కాగితంలో ఉన్నాయి. వయసు నలభై నాలుగు. పాత ఆటబొమ్మల మ్యూజియంలో ప్లాస్టిక్ వస్తువుల బాధ్యత నాది. ఈ కేసులో నిందితుడు, బొమ్మలు బాగుచేసే దుకాణదారుడు, నాకు సొంత మరిది. ఆ సంగతి అన్నిటికంటే ముందు రాసుకోమని ఇన్‌స్పెక్టర్‌గారిని నేనే అడిగాను.

ఫిర్యాదుదారు తన చిన్ననాటి నీళ్ల తుపాకీ పంపు బిగుసుకుపోయిందని మా మరిదికి ఇచ్చారు. బాగుచేయించుకుని తీసుకెళ్లాక, దాన్ని కొనడానికి వచ్చినాయన విప్పి చూసి, ఇది ఎక్కువ ధర పలికే మొదటి విడత సరుకు కాదు, రెండోది అన్నారట. తనది మొదటిదేననీ, దాన్ని దాచుకుని మా మరిది వేరేది అంటగట్టాడనీ ఫిర్యాదు. ఈ ఉదయం పదకొండు గంటలకు స్టేషన్లో ఇద్దరి ఎదుటా ఆ తుపాకీ నా చేతికిచ్చారు.

మా మరిది ఒక్కటే అన్నాడు: “వదినా, నాకోసం పెంచి చెప్పకు. ఎవరేమనుకుంటారోనని తగ్గించీ చెప్పకు.”

పచ్చటి ఒళ్లు, పసుపు ట్యాంకు, పక్కన మెరుపు గీత స్టిక్కర్. ఆ స్టిక్కర్ మొదటి విడత గుర్తనీ, తన తుపాకీ మీంచి ఊడదీసి దీనికి అతికించారనీ ఫిర్యాదుదారు వాదన. మిగిలిపోయిన స్టిక్కర్లను కంపెనీ రెండో విడతకూ వాడింది. అది గుర్తు కాదు.

తేడా లోపల ఉంటుంది. స్క్రూలు విప్పి చూపించాను. ట్రిగ్గర్ వెనక, నీటి గొట్టం కలిసేచోట, అచ్చులోనే పోసిన చిన్న గట్టు ఉంది. అందులో రబ్బరు వాషర్ కూర్చుంటుంది. మొదటి విడతలో గట్టూ లేదు, వాషరూ లేదు. పంపు కొడితే నీళ్లు పిడిలోంచి అరచేతిలోకి కారేవి. ఆ గట్టు తర్వాత అతికించగలిగేది కాదు. కాబట్టి ఇది రెండో విడతది. ఇందులో నాకు సందేహం లేదు.

సందేహమల్లా ఫిర్యాదుదారు మా మరిదికి ఇచ్చింది ఏదన్నదే. అది ప్లాస్టిక్ చెప్పదు. అందుకని, చిన్నప్పుడు దాంతో ఎలా ఆడేవారని ఆయన్నే అడిగాను. ఆయన మొహం విప్పారింది.

“మా అక్కలిద్దరివీ ఒట్టి కారుడు తుపాకులు మేడమ్. ఎక్కడ దాక్కున్నా నేల మీద తడి చూసి పట్టేసేవాణ్ణి. నాది బొట్టు కారేది కాదు. నన్నెవరూ పట్టుకోలేకపోయారు. మొదటి సరుకంటే మొదటి సరుకే మరి.”

ఎప్పుడూ కారలేదా అని మళ్లీ అడిగాను. ఎప్పుడూ లేదన్నారు.

అదృష్టం కొద్దీ మొదటి విడతది ఒక్కటైనా కారకుండా ఉంటుందేమోనని నాలో నేను తర్కించుకున్నాను. ఉండదు. అడ్డం లేనప్పుడు నీళ్లు ఆగవు. మ్యూజియం నుంచి తెచ్చిన మొదటి విడత తుపాకీలో నీళ్లు నింపి ఇన్‌స్పెక్టర్‌గారికి ఇచ్చాను. రెండుసార్లు పంపు కొట్టేసరికి ఆయన చొక్కా చెయ్యి తడిసింది. తుపాకీ కేసులో తడవడం తనకిదే మొదటిసారన్నారు. తర్వాత నేను విప్పినదాన్ని మళ్లీ బిగించి, నీళ్లు నింపి ఫిర్యాదుదారుకిస్తే, ఆయన పంపు కొట్టి, అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. పొడిగా ఉంది.

“అయితే మొదటివి అక్కలవా?”

అవునన్నాను.

“వాటిని నేనే చెత్తలో పడేశాను,” అన్నారు.

ఫిర్యాదు సంగతేమిటని ఇన్‌స్పెక్టర్‌గారు అడిగితే, ఆయన మా మరిది వైపు తిరిగి, “పంపు మాత్రం బాగా కుదిర్చావయ్యా,” అన్నారు.

ఆయన తుపాకీ ఇచ్చినప్పుడు నేను దుకాణంలో లేను. ఆయన ఇచ్చింది రెండో విడతదేనని మాత్రం ఆయన మాటను బట్టే ఖాయంగా చెబుతున్నాను. రాసినదంతా చదువుకున్నాను. నేను చెప్పినదే ఉంది, పెంచిందీ తగ్గించిందీ లేదు.

(సంతకం)