పెదనాన్న వేసిన నాలుగొందల నలభై అంగలు

ఆ ఫోను కాస్త దూరంగా పెట్టరా హర్‌నూర్, నా కళ్ళకి ఆనట్లేదు. ఏంటీ, మన పాత ఊరి నక్షా మీద ఇప్పటి చండీగఢ్ మ్యాపు పరిచావా? చదివిన చదువు ఊరికే పోలేదులే. అయితే మన వంశం దిబ్బ ఆ చౌక్‌లో లేదంటావు. రేపు కొత్తపెళ్ళాన్ని తీసుకెళ్ళి తప్పుచోట మొక్కించనంటావు. సరే, ఇలా కూర్చో, ఆ మంచం మీద కాదు, దాని నవారు తెగింది. ఆ చోటు చూపించింది మా పెదనాన్న బచింత్ సింగ్. నువ్వు పుట్టేనాటికే పోయాడు. మనిషి ఎంత మొండివాడంటే, మన ఊరు తోతామాజ్రా ఖాళీ చెయ్యమని సర్కారువాళ్ళు కాగితం పట్టుకొస్తే, "రాజధాని కట్టుకోండి, వద్దన్నామా, మా ఊరి చుట్టూ కట్టుకోండి" అన్నాడట. ఆ ఆఫీసరు పాపం చాలా మర్యాదస్తుడు. "సర్దార్జీ, ఈ నగరాన్ని మనిషి ఒళ్ళులా గీశారు. అదిగో తల, ఇది గుండె, ఆ తోటలేమో ఊపిరితిత్తులు" అని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. అంతా విని పెదనాన్న, "మరి మా ఊరు ఎక్కడ పడింది, చంకలోనా?" అన్నాడు. చంకలోనో ఎక్కడో, మొత్తానికి పడింది. ఇళ్ళు కూల్చారు, బావి పూడ్చారు, మామిడిచెట్లు మాత్రం ఉంచారు. నీడకి పనికొస్తాయని ప్లానులో రాసుకున్నారట. మనుషులు దేనికి పనికొస్తారో రాసుకున్నట్టు లేదు. మనవాళ్ళు మూడు ఊళ్ళకి చెదిరిపోయారు, ఒకరి చావుకి ఇంకొకరు మూడోరోజుకి చేరేవారు.

ఆఁ, పెళ్ళి సంగతి కదూ. అదెలా జరిగిందంటే, ఊరు పోయాక మొదటి పెళ్ళి నాదే. మోరిండా నుంచి మీ నానమ్మని తెచ్చుకున్నాం. జేఠ్ మాసం, నడివేసవి, మిట్టమధ్యాహ్నం. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "దిబ్బకి మొక్కి ఏడు పిడికిళ్ళ మట్టి తియ్యకుండా ఏ కోడలూ ఈ గడప తొక్కలేదు, ఇదీ తొక్కదు" అంది. దిబ్బంటే ఏముందిరా, మన వంశంలో మొదటివాణ్ణి కాల్చినచోట మట్టి. నిన్నటిదాకా కళ్ళెదురుగా ఉండేది, ఇప్పుడంతా చదును. మా అమ్మ మొహం చూసి పెదనాన్న జోళ్ళు విప్పేశాడు. "పెద్ద మామిడి దగ్గర్నుంచి నాలుగొందల నలభై అంగలు. చిన్నప్పుడు రోజూ నడిచినవాణ్ణి, నాకు తెలీదా? పదండి" అన్నాడు. ముందు ఆయన, వెనక కాళ్ళకింద నేల కాలిపోతుంటే మీ నానమ్మ, ఆ వెనక మూడు ఊళ్ళ నుంచీ వచ్చిన జనం. ఇక్కడే వచ్చింది తంటా. మన దారులు పొద్దు పొడిచే వైపుకి తిన్నగా పోయేవి. వాళ్ళ రోడ్లేమో అటు తూర్పుకీ కాదు, ఇటు ఉత్తరానికీ కాదు, ఐమూలగా పోతాయి. పెదనాన్న అంగలు లెక్కపెడుతూ ఆ రోడ్డు వెంటే పోయాడు. పోయిపోయి ఒక చౌక్ మధ్యలో, అప్పుడే నాటిన బంతిమొక్కల్లో ఆగి, "ఇదే" అన్నాడు. తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, మట్టిగడ్డకి మొక్కడానికి నా పూలమడి దొరికిందా?" అన్నాడు. దానికి పెదనాన్న, "అంత చదివినవాళ్ళు సెక్టార్లకి నంబర్లు వేస్తూ పదమూడంటే దడుసుకుని, పన్నెండు పక్కన పద్నాలుగు పెట్టుకున్నార్రా. మా మట్టిగడ్డ సంగతి నీకెందుకు?" అన్నాడు. మా అమ్మ ఆ బంతిమొక్కల్లో పడి ఏడ్చింది. అందరూ ఏడ్చారు. ఇంకేముంది, అప్పట్నుంచీ ప్రతి పెళ్ళికీ, ప్రతి దీపావళికీ అక్కడికే పోతున్నాం.

ఆ తర్వాత నేను భూముల లెక్కలు రాసే పట్వారీ దగ్గర గుమాస్తాగా చేరాను కదా. ఒకరోజు గుడ్డమీద గీసిన మన ఊరి నక్షా చేతికొచ్చింది. నువ్వివాళ చేసిన పనే నేను స్కేలూ పెన్సిలూ పెట్టుకుని మూడురోజులు చేశాను. చూస్తే ఆ చౌక్‌లో ఏముందీ? ఊళ్ళో శిస్తు వసూలు చేసే నంబర్దారుల పెంటకుప్ప. మనం మూడు తరాలుగా పలకరించని నంబర్దారులు. పద్దెనిమిదిమంది కోడళ్ళు నెత్తిన ఎర్రచున్నీ కప్పుకుని వాళ్ళ పెంటకుప్పకి మొక్కారన్నమాట. నవ్వకురా, నేనూ నవ్వాను, ఆ మూడోరోజు ఇంటికెళ్ళేదాకా. పెదనాన్న ఎండలో కూర్చుని చెరుకు నములుతున్నాడు. నక్షా పరిచి వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. "తెలుసురా. మూడొందల దగ్గరే లెక్క తప్పాను. కుడిపక్కన చూస్తే మామిడిచెట్టు ఉండాల్సినచోట లేదు. వెనక్కి తిరిగితే మీ అమ్మ వస్తోంది. కొత్తకోడలు పిల్ల అరికాళ్ళు బొబ్బలెక్కాయి. దొరకలేదని ఎలా చెప్పమంటావు? ఇళ్ళు కూల్చింది వాళ్ళు. దిబ్బ లేదని చెప్తే, ఊరు పోగొట్టింది నేనే అయ్యేవాణ్ణి" అన్నాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద ఎంత కోపమొచ్చిందో అంత ప్రేమొచ్చింది. ఆ తర్వాత మెల్లిగా, "అసలుది ఎక్కడుంది?" అని అడిగాడు. బస్టాండు రోడ్డులో, ట్రాఫిక్ దీపాల కూడలి నట్టనడుమ అని చెప్పాను.

అప్పట్నుంచీ చూడు, బస్సు ఆ కూడలికి వచ్చేసరికి లేచి నిలబడేవాడు, జోళ్ళు విప్పి చేత్తో పట్టుకునేవాడు. కండక్టరు "కూర్చోండి సర్దార్జీ, మీ స్టాపు ఇంకా రాలేదు" అనేవాడు. "తెలుసు" అనేవాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు, ఇదిగో ఇవాళ నీకే. ఆయన పోయిన రోజు, ఆసుపత్రి నుంచి వ్యానులో తీసుకొస్తున్నాం. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఎర్రదీపం పడింది. నేను డ్రైవరు భుజం మీద చెయ్యివేసి, "పచ్చదీపం వచ్చినా పోనివ్వకు బాబూ" అన్నాను. రెండుసార్లు వచ్చి పోయింది పచ్చదీపం. వెనక లారీలు, స్కూటర్లు, ఒకటే హారన్లు, ఒకటే తిట్లు. వ్యానులో ఉన్నవాళ్ళంతా నాకు మతిపోయిందనుకున్నారు. నేను దిగి, రోడ్డుమీద ఏడు పిడికిళ్ళ... తారురా అది, ఏం వస్తుంది, చేతికి కాస్త దుమ్మొచ్చింది. అదే తెచ్చి ఆయన ఛాతీమీద...

అవునూ, రేపు ఆ మోహాలీ చుట్టాల బస్సు ఎన్నింటికి వస్తోంది?