సిసో తీసుకోకుండా వెళ్లిన దీవెన

ఫాదర్ గారికి, సిసో భార్య, మా చెల్లెమ్మ లుమెన్‌కు, వాళ్ల పిల్లలకు, ఈ బాస్కెట్‌బాల్ కోర్టు చాలక రోడ్డు మీద నిలబడ్డ మీ అందరికీ నమస్కారం. ఈ బాగో ఊళ్లో ఇంతమంది ఒకచోట చేరారంటే ఆ రోజు సిసో బాక్సింగ్ పోటీ ఉన్నట్టే. ఇవాళ కూడా అతని కోసమే వచ్చాం. కానీ ఈ పెట్టెలోంచి అతను లేవడు.

నేను క్రిస్పిన్‌ని. నది అవతలి ఊరివాణ్ని. ఈ కోర్టులోనే, ఊరి పండగ పోటీల ఫైనల్లో, మన సిసో, అదే నార్సిసో మగ్బనువా చేతిలో చితికిపోయినవాణ్ని. నా ముక్కు చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ రోజు మా అమ్మ, మీరంతా నానయ్ అని పిలిచే పెలాజియా, మొదటి వరసలో కూర్చుని అతన్ని తిట్టని తిట్టు లేదు. "నీ చేతులు పడిపోను! అది ముక్కనుకున్నావా, రోలనుకున్నావా?" అని. సిసో గెలిచాడు. గెలిచి ఏం చేశాడు? చేతులెత్తి గంతులేశాడా? లేదు. గ్లవ్స్ కూడా విప్పకుండా తాళ్ల కిందనుంచి దూరి, తిన్నగా మా అమ్మ దగ్గరకు వచ్చి తల వంచాడు. అమ్మ చెయ్యి అప్పటికే అతని చెంప పగలగొట్టడానికి లేచింది. కానీ పిల్లవాడు దీవెన కోసం తల వంచితే, నుదుటికి ఆనించడానికి చెయ్యి ఇవ్వనని మనలో ఏ పెద్దావిడ అంటుంది? ఆ లేచిన చెయ్యే వెళ్లి అతని నుదుటికి ఆనింది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది, అలవాటు కొద్దీ. తర్వాత నేను తల వంచితే, "నువ్వు ముందు ముక్కు తుడుచుకో" అంది.

ఆనాటి నుంచి ఎవరిని ఓడించినా వాళ్ల తల్లిని వెతుక్కుంటూ వెళ్లేవాడు. జకార్తా నుంచి కంచు పతకం తెచ్చాడు. మనీలా మేనేజర్లు వచ్చి ప్రొఫెషనల్‌గా ఆడమన్నారు. వెళ్లనన్నాడు. ఎందుకని అడిగాను. "జకార్తాలో చూశాగా. అంత పెద్ద హాల్లో అవతలివాడి అమ్మ ఎక్కడుందో కనబడలేదన్నా" అన్నాడు.

ఇక్కడే ఉండిపోయి, మార్కెట్ దగ్గర సవారీ ట్రైసికిల్ నడిపాడు. మీరేం చేశారు? ముందున్న బళ్లన్నీ వదిలేసి అతని బండి కోసం నిలబడ్డారు. అతనికి ఒళ్లు మండేది. "వరసలో ముందు టాసియో బండి ఉంది, ఎక్కండి. వాడు మిమ్మల్ని కొట్టడు, నేనైతే కొట్టినా కొడతాను" అనేవాడు. మీరు నవ్వుకుంటూ టాసియో బండి ఎక్కేవాళ్లు. టాసియో ఇక్కడే ఉన్నాడు, అడగండి.

పోయిన ఆదివారం ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి వెళ్తూ మా ఇంటికి వచ్చాడు. ఏ పోటీకి వెళ్లినా ముందు మా అమ్మ దీవెన తీసుకోవడం అతనికి అలవాటు. అమ్మ నిద్రపోతోంది. "లేపకన్నా, వచ్చాక తీసుకుంటాలే" అన్నాడు.

రాలేదు.

అప్పటి నుంచి అమ్మ అన్నం సరిగా ముట్టడం లేదు. వాడు అడగడానికి వస్తే నేను పడుకున్నాను అంటోంది. అమ్మా, నువ్వు హాయిగా పడుకున్నావని చూసే వాడు చప్పుడు చెయ్యకుండా వెళ్లాడు. వాడు అలాంటివాడే కదా?

సిసో, నా ముక్కు విరగ్గొట్టి మా అమ్మకు ఇంకో కొడుకునిచ్చావు. అద్దంలో ఈ వంకర ముక్కు చూసుకున్నప్పుడల్లా నీకు దణ్ణం పెట్టుకుంటాను.

మిత్రులారా, ఇక లేచి నిలబడదాం. ఎంతసేపని గడియారం చూడకండి. పెట్టె మీది అద్దం తీసి ఉంచమని చెల్లెమ్మ లుమెన్‌ని అడిగాను, సరేనంది. మా అమ్మ మోకాళ్లు సరిగా వంగవు, మెల్లగా నడుస్తుంది. ఇవాళ సిసో ఆమె దగ్గరకు రాలేడు, ఆమే అతని దగ్గరకు వెళ్తుంది. ఆమె చెయ్యి అతని నుదుటికి ఆనేదాకా మనమంతా మౌనంగా నిలబడదాం.